థియోడోరా క్వామినా నీలం రంగు కొన్న ఏడాది

ఏ యుద్ధం ఎప్పుడు మొదలైందో, ఏ రాజు ఎప్పుడు గద్దె దిగాడో చరిత్ర పుస్తకాలు శ్రద్ధగా రాసిపెట్టాయి. కొత్త కర్టెన్లు క్రిస్మస్ ముందురోజు సాయంత్రం దీపాలు పెట్టాకే కట్టాలన్న శాసనం ట్రినిడాడ్‌లో ఎవరు వేశారో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అయినా అది అమల్లో ఉంది. ప్రభుత్వాలు మారాయి, బస్సు చార్జీలు మారాయి, ఇది మారలేదు. డిసెంబరు వచ్చిందంటే మా అరీమా ఊరి జామతోట సందులో ప్రతి ఇంటి కుర్చీలూ వాకిట్లోకి వస్తాయి. గోడలు గీకడం, రంగులేయడం, నేలమీద కొత్త లినోలియం పరవడం అన్నీ తలుపులేసుకుని లోపల జరుగుతాయి. ఏ రంగు వేశారో కర్టెన్లు కట్టేదాకా పక్కింటివాళ్లకు తెలియకూడదు. తెలుసుకోవడానికి పక్కింటివాళ్లు చెయ్యని ప్రయత్నం ఉండకూడదు. మా సందు సంసారం ఈ రెండు నియమాల మీదే సాగుతుంది.

ఈ శాస్త్రంలో మాకు పీఠాధిపతి థియోడోరా క్వామినా. ఉద్యోగం ఆస్పత్రి చాకిరేవులో దుప్పట్లు లెక్కచూడటం; జీవితం మాత్రం తన ముందుగదిలోనే. ఆవిడ ఒక ఏడు జామపండు లోపలి గులాబీరంగు వేస్తే, మరుసటేడు సందంతా గులాబీ. ఆవిడ చిలకాకుపచ్చకు మారితే సందు మొత్తం చిలకలైపోయింది. ఎండ పడే గోడకు చల్లని రంగు వెయ్యాలి. కర్టెను గుడ్డలో అన్నిటికంటే చిన్న పువ్వు ఏ రంగో, దిండు గలీబులు ఆ రంగులో కుట్టాలి. గది ఇరుగ్గా ఉంటే ఒక కుర్చీ తీసెయ్యాలిగాని ఒక అద్దం తెచ్చి తగిలించకూడదు. ఆవిడ ఇవన్నీ గొప్పకు చెప్పేది కాదు, అడిగితే విసుక్కుంటూ చెప్పేది.

నీలం కొనడానికి ముందేడు ఆవిడ పరాకాష్ఠకు చేరింది. గోడలు, తలుపులు, గుమ్మాలు, కుర్చీ తొడుగులు, కర్టెన్లు, అన్నీ ఒకటే వెన్నరంగు. ఉడకబెట్టిన కోడిగుడ్డులోకి దిగి కూర్చున్నట్టుండేది. సందు సందంతా వచ్చి చూసిపోయింది.

ఆ కోడిగుడ్డులోనే ఆవిడ భర్త కత్‌బర్ట్ గుమ్మాలకు గుద్దుకోవడం మొదలుపెట్టాడు.

కత్‌బర్ట్ అరీమా బస్సు నడిపి రిటైరైనవాడు. మలుపుల రోడ్డులో ఎదురొచ్చే లారీని లారీ కనిపించకముందే పసిగట్టేవాడని పేరు. గ్లాకోమా అని, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది ఉంచుకోవడానికి రోజూ చుక్కలు వేసుకోమని డాక్టరు చెప్పాడు. ఈ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. నుదుటి మీద బొప్పి కడితే మామిడికాయ రాలి పడిందనేవాడు. అది మామిడికాయల కాలమేనా అని అడిగే ధైర్యం ఎవరికుంది?

చిక్కంతా క్రిస్మస్ రోజుతో. ఆ పొద్దున వచ్చినవాళ్లకు ఇంటి యజమాని తన చేత్తో సారెల్ పానకం తెచ్చివ్వాలి. ఎర్ర గోంగూర కాయలు నానబెట్టి, లవంగాలూ దాల్చినచెక్కా వేసి చేసేదది. పళ్లెంలో గ్లాసులు పేర్చుకుని వంటింట్లోంచి ముందుగదిలోకి కత్‌బర్ట్ నడిచొచ్చే తీరు చూస్తే, బస్సు డిపోలోంచి బయటికొస్తున్నట్టే ఉండేది.

నవంబరులో ఒకరోజు అతను అన్నాడు: "ఈ ఏడు తలుపు మూసెయ్, థియో. నాకు కాలునొప్పని చెప్పు."

"కాలునొప్పంటే సందంతా వచ్చి కాలు చూస్తుంది. పోనీ, పళ్లెం నేను తెస్తా."

"నువ్వు తెస్తే నేనేం చెయ్యాలి, సోఫాలో దిండులా కూర్చోవాలా? అందరి ముందూ గుమ్మానికి గుద్దుకుని గ్లాసులు పారబోసుకోవడం కంటే ఎవరూ రాకపోవడమే నయం. ఈ ఏడనే కాదు, ఇక ముందు కూడా."

 మర్నాడు థియోడోరా పాత వల కర్టెను ఒకటి తీసి, రెండు మడతలు వేసి, తలమీంచి ముఖం మీదకి కప్పుకుని ఇల్లంతా తిరగడం మొదలుపెట్టింది.

ఎదురింటి వెర్లిన్ పాషెకో కిటికీలోంచి ఇది చూసింది. మధ్యాహ్నానికల్లా సందుకు రెండు కథలు అందాయి. థియోడోరా మళ్లీ పెళ్లి చేసుకోబోతోందని ఒకటి, మతి తప్పిందని రెండోది. రెండూ ఒకటేనని వెర్లిన్ మొగుడు హోలిస్ అన్నాడు.

నిజానికి థియోడోరా ముసుగులోంచి మొగుడి ఇల్లు చూస్తోంది. గోడ ఎక్కడ అయిపోయిందో, గుమ్మం ఎక్కడ మొదలైందో తెలియలేదు. వెన్నరంగు కుర్చీ వెన్నరంగు గోడలో కరిగిపోయింది. తెల్ల మేజాగుడ్డ మీద తెల్ల కప్పు మాయమైంది, దాని పక్కనే ముదురు నీలం రేకు గ్లాసు మాత్రం గుండీలా కనిపించింది. ఆవిడ ముసుగు తీసి చూసింది, వేసి చూసింది. తన పరాకాష్ఠ మొత్తం కలిసి మొగుణ్ణి గుమ్మానికేసి కొడుతోందని అర్థమైంది.

తరవాత రామ్‌ఖెలావన్ రంగుల కొట్టుకు వెళ్లింది.

అక్కడ వెర్లిన్ మేకులు ఏరుతున్నట్టు నటిస్తూ నిలబడి ఉంది. ప్రతిసారీ థియోడోరా వదిన కంటే ఒక ఏడాది వెనకబడటం ఆమెకు విసుగెత్తింది. ఈసారి వదిన రంగు వదినకంటే ముందు తానే వెయ్యాలని పంతం పట్టింది. థియోడోరా డబ్బా సంచిలో పెట్టుకుంటుంటే మూతమీది చుక్క కనబడింది. ముదురు నీలం, రాత్రి సముద్రం రంగు.

"ఏం వదినా, చాలా ధైర్యం చేస్తున్నావే!"

"నువ్వు మేకులు కొను, వెర్లిన్."

డబ్బా చిన్నదేమిటని వెర్లిన్ ఆలోచించలేదు. ఎవరికీ అనుమానం రాకుండా ఒక్కొక్కటే పట్టుకెళ్తోందనుకుని, తను మాత్రం పెద్దవే కొంది. నాలుగు గోడలకూ వేయించింది. నీలం కర్టెన్లు కుట్టించింది. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం వాళ్ల కిటికీల్లో కర్టెన్లు పడేసరికి ఇల్లు నీళ్ల ట్యాంకు లోపలి భాగమైంది. క్రిస్మస్ పొద్దున హోలిస్ దీపం వేసుకుని చెప్పులు వెతుక్కున్నాడు.

వాళ్ల ఇల్లు చూశాక అక్కణ్ణించి అందరం థియోడోరా ఇంటికి బయల్దేరాం. అందరికంటే ముందు వెర్లిన్.

లోపల గోడలు మజ్జిగ తెలుపు. బరువైన కర్టెన్లు పోయి పల్చటి నూలు కర్టెన్లు వచ్చాయి, గది నిండా పగలు. దారికి అడ్డొచ్చే చాపా, చిన్న బల్లా లేవు. నీలం ఉంది గాని గోడల మీద కాదు. గుమ్మాల చట్రాలకు, కుర్చీ చేతుల అంచులకు, మేజా చుట్టూ, మెట్టు అంచున, దీపం స్విచ్చి చుట్టూ చేతి వెడల్పు చారలుగా మాత్రమే వేసి ఉంది. ఉత్త గీతలతో వేసిన ఇంటి బొమ్మలో నిలబడ్డట్టుంది.

వెర్లిన్ గది చుట్టూ చూసింది. "అంతేనా? ఇంత చిన్న డబ్బాతోనా?"

"ఇంకా మిగిలింది కూడా," అంది థియోడోరా. "కావాలా?"

"నాకొద్దు తల్లీ! మా ఇంట్లో బోలెడుంది."

ఎందుకిలా వేశావని అడగబోయి అందరం ఆగిపోయాం. వంటింట్లో గ్లాసుల చప్పుడైంది. థియోడోరా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, అటు చూడలేదు.

నీలి చట్రం మధ్య కత్‌బర్ట్ కనిపించాడు. తెల్లటి పళ్లెం, అందులో ఎర్రటి గ్లాసులు. గుమ్మం దగ్గర ఒక క్షణం ఆగాడు. తల కొంచెం పక్కకు తిప్పి ఒక అంచు చూసుకున్నాడు, ఇంకోవైపు తిప్పి రెండోది చూసుకున్నాడు. మలుపు దగ్గర బస్సు అలాగే ఆగేది. భుజం చట్రానికి తగలకుండా లోపలికొచ్చి, నీలి అంచు వెంబడే మేజా చుట్టూ తిరిగి, వెర్లిన్ ముందు పళ్లెం పట్టుకున్నాడు.

"తీసుకో వెర్లిన్. మీ ఇల్లు బాగా చీకటయిందటగా, దారి కనిపించిందా?"

"నీకెవరు చెప్పారు బావా?"

"మీ ఆయనే. పొద్దున్నే బ్యాటరీ లైటు అడగడానికొచ్చాడు."

హోలిస్ పైకప్పు వంక చూశాడు. కత్‌బర్ట్ ఒక్కొక్కరి దగ్గరా ఆగి, ఒక్కొక్కరికీ గ్లాసు ఇచ్చి, చివరిది తను తీసుకుని కుర్చీ చెయ్యి తడిమి చూసుకోకుండానే కూర్చున్నాడు. థియోడోరా అప్పుడు తలెత్తింది. అందరం గ్లాసులెత్తి తాగాం.

రంగుల ధ్యాసలో పడి ఆ ఏడు సారెల్‌లో చక్కెర తక్కువైంది.