పరీక్షకు ముందురోజు అనకాపల్లిలో పాళీ బిగింపు

యుద్ధం రోజులవి. మరునాడు విశాఖపట్నంలో టీచరు ట్రైనింగు ప్రవేశ పరీక్ష ఉందనగా, పెన్ను కోసం నాన్నతో అనకాపల్లి బయలుదేరాను. ఎనిమిదేళ్ల వయసులో చెరకు గానుగలో నలిగి నా కుడి చూపుడువేలు సగానికి పోయింది. సన్నటి పెన్ను పట్టుకుంటే జారిపోతుంది. ముంచి రాసే కలమైతే కాగితమంతా మరకలే. చేత్తో పెన్నులు చేసే ఖాదర్ సాహెబు గారికి నా పట్టు కొలతలు ఉత్తరంలో పంపితే, లావుపాటి పెన్ను తయారు చేశాననీ, పాళీ మాత్రం నా చెయ్యి చూశాకే బిగిస్తాననీ జవాబు రాశారు.

నర్సీపట్నంలో ఆరింటి బస్సు ఎక్కాం. మనిషికి పన్నెండణాలు. పెట్రోలు దొరకని కాలం కనుక బొగ్గు గ్యాసుతో నడిచే బండి అది. తాళ్లపాలెం దగ్గర ఆగిపోయింది. పదింటికి చేరతామా అని డ్రైవరును అడిగాను. "బొగ్గు రాజుకుంటే సేరతాం. నేకపోతే నా సేతిలో ఏటీ నేదమ్మా" అన్నాడు. చేరేసరికి పన్నెండు కావచ్చింది. విశాఖపట్నం వైపు పాసింజరు నాలుగుంబావుకి. బస్సు దిగి ఎక్కిన జట్కా, బెల్లం బళ్ల మధ్య ఇరుక్కుని కదలకపోతే దిగి నడిచాం.

సాహెబు గారు నా చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, పెన్సిలుతో నాలుగు వాక్యాలు రాయించుకున్నారు. పెన్ను ముందుభాగంలో మెడలాంటి బోలు ముక్క ఉంటుంది. పాళీ, దాని కింద సిరాను అందించే నాలుక, రెండూ అందులోనే బిగుసుకోవాలి. ఆయన పాళీని లోపలికి నొక్కుతుంటే చిటుక్కుమని వినిపించింది. మెడ మీద వెంట్రుకంత గీత.

"పగిలిపోనాదమ్మా" అన్నారు నెమ్మదిగా. ఓడల సరుకు ఆగిపోయి పెన్నులు చెక్కే నల్ల కడ్డీలు రావడం లేదట. మిగిలింది వేలెడు ముక్క. అదీ పాడైతే ఇక చేసేదేమీ లేదనీ, అది వేరేవాళ్లకు పనికొస్తుందనీ, నన్ను తయారుగా ఉన్న సన్నపెన్ను తీసుకెళ్లమనీ సలహా ఇచ్చారు. నాన్న వైపు చూశాను. "రాసేదానివి నువ్వు. నాకేటి తెలుస్తాది" అన్నాడు.

అయినా ఆ ముక్కతోనే చెయ్యమన్నాను.

కడ్డీని తిప్పుతూ చెక్కే లేతుకు చక్రం తిప్పే మనిషి ఆ రోజు రాలేదు. అతని చోట నాన్న కూర్చున్నాడు. నా వేలు పోయిన రోజు గానుగ ఎడ్లను తోలింది ఆయనే. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. "నిదానంగా బావా, ఆపమంటే ఆపాల" అన్నారు సాహెబు గారు. నాన్న చక్రం వైపు చూడనే లేదు, సాహెబు గారి పెదవుల వైపే చూస్తూ తిప్పాడు. చొక్కా వీపంతా తడిసిపోయింది.

మూడింటికి మెడ కుదిరింది. సిరా పోస్తే పాళీ మీదికి చుక్క రాలేదు. నాకు ఏడుపొచ్చింది. సాహెబు గారు నాలుకను ఊడదీసి, మరిగే నీళ్లలో ముంచి, వేడి మీదే పాళీకి అదిమి పట్టుకున్నారు. బొటనవేలు కాలుతున్నా వదల్లేదు.

"ఇప్పుడు రాయమ్మా."

నా పేరు రాశాను. ఎక్కడా తెగలేదు. చదువు రాని నాన్న కాగితం అందుకుని, ఇంకో వరస రాయమన్నాడు. రాశాను. ఇంకోటి అన్నాడు. రైలు కూత వినిపించేదాకా రాయిస్తూనే ఉన్నాడు.

పరిగెత్తి రైలందుకున్నాం. మరునాడు ఆ పెన్నుతోనే పరీక్ష రాశాను. సీటు వచ్చింది. ఆ ముక్క కూడా పగిలి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ ఆలోచిస్తాను. పెన్ను మాట అటుంచి, నాన్నకు ఆ రోజు ఎలా గడిచేదో అన్నదే నా దిగులు.

పెన్ను చేయించుకోవడానికి వెళ్లేవాళ్లు నాలా చివరిరోజు పెట్టుకోకండి. పాళీ మీ ఎదుటే బిగించమనండి. సిరా పోయించి, రెండు పేజీలు నిండా రాసి చూసుకున్నాకే కొట్టు దిగండి.