ప్రోగ్రాము ఎక్కేలోగా బోరు బండి వెళ్ళిపోయింది

“మా దగ్గర బాగానే నడుస్తోందండీ” అనే మాట ఎవరి నోట విన్నా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మాటలో అబద్ధం ఉండదు. దాని దుర్మార్గమంతా అందులోనే ఉంది. మీ దగ్గర నడుస్తోంది సరే, నా దగ్గర ఎందుకు నడవడం లేదో చెప్పవయ్యా అంటే జవాబు ఉండదు. ఎనభైల చివర్లో ఆదోనిలో టెలిఫోను బూత్‌లో చెమటలు కక్కుతూ నిలబడి నేను ఆ మాట చాలాసార్లు విన్నాను.

అప్పట్లో నేను ఆదోనిలో, బోర్లకు నీళ్ళ జాడ చూసే ఒక చిన్న ఆఫీసులో పని చేసేవాణ్ణి. మా పద్ధతి ఇది. పొలంలో వరసగా ఇనుప మేకులు దిగ్గొట్టి, వాటి గుండా నేలలోకి కరెంటు పంపుతాం. నేల ఆ కరెంటును ఎంత అడ్డుకుంటోందో కొలిచి, ఆ కొలతలను గళ్ళ కాగితం మీద ఒక వంపు గీతగా గీస్తాం. మా దగ్గర అచ్చు వేసిన మాదిరి గీతల పుస్తకం ఒకటి ఉండేది. మన గీతను పల్చటి ట్రేసింగ్ కాగితం మీదికి ఎత్తి, ఆ పుస్తకం మీద పెట్టి, అటూ ఇటూ జరుపుతూ ఏ మాదిరికి సరిపోతుందో చూడాలి. సరిపోయిందంటే కింద ఎంత లోతున నీరు పట్టే పగుళ్ళ రాయి ఉందో చెప్పవచ్చు. ఈ పనిలో నాకు మంచి చెయ్యి ఉండేది. ఎమ్మిగనూరులో మగ్గాల మధ్య పుట్టినవాణ్ణి. పోగు మీద పోగు సరిగ్గా కూర్చుందో లేదో చూడటం కళ్ళకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

అలాంటి నన్ను కంప్యూటరు శిక్షణకని పట్నం పంపారు. తిరిగి వచ్చేటప్పటికి నేను వేరే మనిషిని. మా ఆఫీసరు ముందు కూర్చుని, “సార్, ఇంకా ఈ ట్రేసింగ్ కాగితాలేంటి సార్, చూసేవాళ్ళు నవ్వుతారు. అక్కడ అంతా ప్రోగ్రామే చేస్తుంది” అన్నాను. ఆయన నమ్మాడు. ఏదో పథకం కింద యూనిక్స్ కంప్యూటరు మిషను ఒకటి వచ్చింది. దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాం. ఇక మీదట ప్రింటు కాగితం మీద వచ్చిన రిపోర్టుకే సంతకం పెడతానని ఆఫీసరు అందరి ముందూ ప్రకటించాడు. ఆయన సంతకం లేని పాయింటులో, అంటే మేం గుర్తుపెట్టిన బోరు చోటులో, సర్కారు బోరు బండి దిగదు. అందుకని ఆ నియమాన్ని నేను ఎంత తిట్టినా, అది పుట్టింది నా నోటి నుంచేనని ముందే చెప్పుకోవాలి.

ప్రోగ్రాము పట్నం నుంచి టేపు మీద వచ్చింది. దానితో పాటు ఒకే ఒక్క కాగితం. టేపును మిషనులోకి దించుకుని ఒక ఆదేశం కొడితే చాలు, అంతా అదే తయారవుతుందని అందులో ఉంది. కొట్టాను. తెర నిండా తప్పులు. ఆ ప్రోగ్రాము రాసిన ఫోర్‌ట్రాన్ భాషలో ఒక వరస డెబ్బై రెండు అక్షరాలు దాటితే, దాటిన ముక్కను దాన్ని మిషను భాషలోకి మార్చే మా కంపైలరు చదవదు. చదవలేదని చెప్పనూ చెప్పదు. రాసినవాళ్ళ మిషను మరీ ఉదారమైనది కాబోలు, వాళ్ళు హాయిగా పొడవాటి వరసలు రాసుకుంటూ పోయారు. తోకలు తెగిన ఆ వరసలన్నీ వెతికి, విరిచి, మళ్ళీ రాశాను. ఇంతలో కరెంటు పోయేది. వచ్చాక, ఎక్కడిదాకా భద్రపరిచానో చూసుకుని మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి.

సరిగ్గా ఆ రోజుల్లోనే కోసిగి దగ్గరి పల్లె నుంచి ఒక రైతు వచ్చాడు. ఆయన పొలంలో మేకులు కొట్టి కొలతలు తెచ్చింది నేనే. ఆ ఏడు వాన మొహం చాటేసింది. పంట పోయినప్పుడు ఆ వైపు ఊళ్ళకు ఊళ్ళు మూటలు కట్టుకుని దూర ప్రాంతాలకు కూలికి పోతారు, దాన్నే సుగ్గి అంటారు. కూలీలను తీసుకుపోయే మేస్త్రీ లారీ వచ్చేలోగా ఆయన ఒక సంగతి తేల్చుకోవాలి. నీళ్ళున్నాయంటే బోరు వేయించుకుని ఊళ్ళోనే ఉంటాడు. లేవంటే ఆలుమగలిద్దరూ లారీ ఎక్కుతారు. బోరు బండి అప్పుడు కోసిగి దగ్గరే ఉంది.

“ఏం సారూ, మా సేనిది ఏమన్నా తెలిసెనా?” అన్నాడు గుమ్మం దగ్గరే నిలబడి.

“రెండు దినాలు ఆగన్నా. మిషన్లోకి ఎక్కిస్తాండాను.”

మా డ్రాఫ్ట్స్‌మన్ బల్ల మీది నుంచి తల ఎత్తకుండానే అందుకున్నాడు. ఆదోని కోట కింద పుట్టి పెరిగిన సాయిబు, నాకంటే చిన్నవాడు. “మిషను కాదు పెద్దాయనా, గాడిద. పొమ్మంటే పోదు, రమ్మంటే రాదు. దాని కాళ్ళు మొక్కుతాండాడు మా అన్న.”

రైతు నవ్వాడు. “గాడిదైతే మాకిడ్సు సారూ, మేం తోల్తాం” అని వెళ్ళిపోయాడు.

వరసలన్నీ సరిచేశాక కొత్త పేచీ వచ్చింది. ప్రోగ్రాము ముక్కలన్నీ విడివిడిగా తయారయ్యాయి గానీ, వాటిని కలిపి కుట్టేటప్పుడు ఫలానా లెక్కలు చేసే భాగాలు దొరకడం లేదంటుంది మిషను. వాటి పేర్లన్నీ తెర మీద వరసగా పోసింది. పట్నానికి ఫోను చేశాను. అవన్నీ లైబ్రరీ అనే ఫైలులో ఉంటాయి, అది టేపులోనే ఉంది, మా దగ్గర బాగానే నడుస్తోందండీ అన్నారు. చూస్తే నిజంగానే ఉంది. కళ్ళెదుట ఉన్నదాన్ని లేదంటుందేమిటి? టేపే పాడైందనుకుని మళ్ళీ దించాను. చోటు చాలలేదేమోనని డిస్కు ఖాళీ చేశాను. ఇంకో టేపు పంపమని ఉత్తరం రాశాను. అది వచ్చింది, అదీ అలాగే మొండికేసింది. తిట్టాను. రాసినవాణ్ణి, పంపినవాణ్ణి, కరెంటు ఆఫీసును, అందరినీ తిట్టాను.

రైతు మళ్ళీ వచ్చాడు. రేపన్నాను. ఇంకోసారి వచ్చాడు. ఎల్లుండన్నాను. ఒకసారి ఆయన్ను కిటికీలోంచి చూసి టీ తాగే నెపంతో వెనక తలుపు నుంచి బయటికి పోయాను కూడా. ఆయన నా ఖాళీ కుర్చీ ఎదురుగా కాసేపు కూర్చుని రైలు టైమైందని లేచిపోయాడట.

ఆ సాయంత్రం డ్రాఫ్ట్స్‌మన్ నన్ను వదల్లేదు.

“అరే అన్నా, చాయ్ ఆరేలోపల ఇట్లాంటి గీతలు సూసి సెప్పేటోనివి. ఆ పుస్తకం తియ్యి. నేను ట్రేస్ చేసిస్తా.”

“సంతకం పెట్టడు రా.”

“పెట్టడని ఎవురు సెప్పినారు? అడిగినావా?”

నేను తెర వైపు తిరిగాను.

“అడగలేదు. నీకు షరమ్. పట్నం పోయొచ్చి పుస్తకం ఎత్తితే మొగమెట్లా సూపియ్యాలని. పాపం ఆయప్ప రైలుకి తిరిగి తిరిగి సస్తాండాడు.”

నాకు పట్టరాని కోపం వచ్చింది. నీ పని నువ్వు చూసుకో అన్నాను. వాడు అన్నది అక్షరాలా నిజం కాబట్టి వచ్చిన కోపం అది. అలాంటి కోపానికి నోరు చాలా పెద్దది.

చివరికి తప్పు దొరికింది. దొరికాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముక్కలను కలిపే ఆదేశంలో లైబ్రరీ పేరు ముందు ఉంది, దాన్ని వాడుకునే ముక్కల పేర్లు తర్వాత ఉన్నాయి. మా మిషను ఎడమ నుంచి కుడికి ఒక్కసారే నడుస్తుంది. లైబ్రరీ దగ్గరికి వచ్చినప్పుడు అప్పటిదాకా ఎవరూ దాన్ని ఏమీ అడగలేదు గనుక ఏమీ తీసుకోకుండా దాటిపోతుంది. తర్వాత అడిగేవాళ్ళు వస్తారు, వెనక్కి మాత్రం తిరగదు. పట్నంలో మిషను వెనక్కి తిరిగి చూసే రకం. అందుకే వాళ్ళ దగ్గర నడిచింది. ఆ పేరును తీసి చివర పెట్టాను. అంతే. ప్రోగ్రాము లేచి కూర్చుంది. కోసిగి కొలతలు ఇచ్చాను. గట్టు పక్కనున్న పాయింటులో, నూట ఇరవై అడుగుల ప్రాంతంలో పగుళ్ళ రాయి ఉందని ప్రింటు కొట్టింది.

అప్పుడు, ఉక్రోషం కొద్దీ, బీరువాలోంచి మాదిరి గీతల పుస్తకం తీశాను. ట్రేసింగ్ కాగితం పెట్టి జరిపాను. అదే రాయి, ఇంచుమించు అదే లోతు. డ్రాఫ్ట్స్‌మన్ తెచ్చిపెట్టిన టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. వాడు గ్లాసు వైపు, పుస్తకం వైపు చూసి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే సంతకం చేయించుకుని కోసిగి రైలెక్కాను. అక్కడి నుంచి ఆ పల్లెకు చేరేసరికి ఊరి ముందు లారీ నిలబడి ఉంది. జొన్నపిండి మూటలు, వంట గిన్నెలు, ఒక గంపలో కోళ్ళు పైకి అందిస్తున్నారు. రైతు నన్ను చూసి చేతిలోని మూట కింద పెట్టాడు.

“ఉండాయా?”

“ఉండాయన్నా. గట్టు పక్క.”

ఆయన కాగితం తీసుకోలేదు. “బోరు బండి మొన్ననే పాయ సారూ. హొళగుంద దిక్కు పోయింది. మీ ఆఫీసు నుంచి సంతకమైన పాయింటు ఒగటీ రాలేదంట. ఊరికే ఎన్ని దినాలని ఉంటామని డ్రైవరు సెప్పి పాయె.”

లారీ పైనుంచి ఆయన భార్య వంగి చూసింది.

“ఆ మిషన్ని గూడా మాతో సుగ్గికి పంపు సారూ. దినానికి ఎన్ని మిరపకాయలు తెంపుతాదో సూస్తాం.”

లారీలో అందరూ గొల్లున నవ్వారు. రైతు నవ్వలేదు, కోప్పడనూ లేదు. మూట పైకి అందించి, “వచ్చే ఏటి దాకా నీళ్ళు ఆడనే ఉంటాయా సారూ?” అని అడిగాడు.

“యాడికి పోతాయన్నా.”

“మేమే కదా పోయేది” అంటూ చక్రం మీద కాలు పెట్టి ఎక్కాడు.

ఆదోనికి తిరిగి వచ్చిన రోజే నేను ఆగిపోయిన కొలతలన్నీ ముందేసుకున్నాను. కోసిగివి, కౌతాళంవి, ఇంకా అటువైపువి. ప్రోగ్రాము ఇప్పుడు నడుస్తోంది కదా, అయినా దాన్ని ముట్టుకోలేదు. అన్నిటినీ పుస్తకం మీద చూసి చేత్తో రాసి ఆఫీసరు ముందు పెట్టాను. ఇవి మిషను చేసినవి కాదని, నియమానికి విరుద్ధమని, కాదంటే సంజాయిషీ రాసిస్తానని ఒక్క ఊపిరిలో చెప్పాను. తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను.

ఆయన వక్కపొడి నములుతూ ఒక్కో కాగితం మీదా సంతకం గీకుతూ పోయాడు. ఒక్కటీ చదవలేదు. చివరిదాని మీద పెన్ను ఎత్తి నా వైపు చూసి, “దీనికింత ఉపన్యాసమా? కావాలంటే ముందే తేవచ్చు కదయ్యా, పెట్టేవాణ్ణి కదా” అన్నాడు.

ఆ మనిషి మీద కోపం తెచ్చుకుందామని ఆ సాయంత్రమంతా ప్రయత్నించాను. ఎంత రాజేసినా అది తిరిగి నా మీదికే వచ్చేది. బోరు బండి ఉగాది దాటాక గాని మళ్ళీ కోసిగి వైపు రాలేదు. అప్పటిదాకా గట్టు పక్క నేల కింద నీళ్ళు పెట్టుకుని, ఆ ఇంటి ఆలుమగలు ఎవరిదో మిరప చేలో వంగి కాయలు కోశారు.