మార్తమ్మ మాట్లాడే దాకా: ఒక రబ్బీతో ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు

గండికోట చూడాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. తిరుపతిలో కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరై, ఊళ్లు తిరుగుతూ బ్లాగు రాసుకునే దాన్ని. పక్క జిల్లాలో ఉన్న కోట చూడలేదంటే నాకే నామోషీగా ఉండేది. పోయిన డిసెంబరులో బెంగళూరు నుంచి నా పాత స్టూడెంట్ ఫోన్ చేసింది. "మేడం, ఇజ్రాయెల్ నుంచి ఒక రబ్బీ వచ్చారు. కొండాపురం దగ్గర ఒక ఇంటికి వెళ్లాలట. తెలుగూ ఇంగ్లీషూ తెలిసినవాళ్లు తోడు కావాలి. గండికోట ఆ దారిలోనే కదా" అంది. ఆ చివరి ముక్క విని వెంటనే ఒప్పేసుకున్నాను. ఎవరింటికి, ఎందుకు అని అడగాలని కూడా తోచలేదు.

ముందు రోజు సాయంత్రానికే ప్రొద్దుటూరు చేరాను. తిరుపతి నుంచి కడప మీదుగా బస్సులో అయిదు గంటలు పట్టింది. బస్టాండు దగ్గర లాడ్జిలో గది తొమ్మిది వందలు, వేడినీళ్లు పొద్దున మాత్రమే వస్తాయి. మర్నాడు ఏడింటికి బెంగళూరు బస్సు కోసం నిలబడ్డాను. రబ్బీ అంటే యూదుల మతగురువు అని తెలుసు కాబట్టి తెల్ల గడ్డం, నల్ల కోటు, నల్ల టోపీ వేసుకున్న పెద్దాయన కోసం చూస్తున్నాను. అలాంటివారెవరూ దిగలేదు. వీపున సంచీ, ఒంటిమీద నూలు కుర్తాతో ఉన్న నలభై ఏళ్లావిడ ఒకరు నా దగ్గరికొచ్చి చేతులు జోడించింది. ఆయనతో వచ్చిన మనిషి కాబోలనుకుని, "రబ్బీగారేరీ?" అని అడిగాను. "నేనే. యాయెల్ అని పిలవండి" అంది. ఆడవాళ్లు కూడా రబ్బీలవుతారని నాకు అప్పటిదాకా తెలియదు. ఇలాంటివాళ్లు తమ వాళ్లలోనూ అంతటా లేరని, ఒప్పుకోని వాళ్లూ చాలామంది ఉన్నారని ఆవిడే నవ్వుతూ చెప్పింది.

మా డ్రైవరు ఖాదర్ బాషాది ప్రొద్దుటూరే. రోజుకు మూడు వేల అయిదు వందలు, ఆగిన ప్రతి గంటకూ అదనం అని మాట్లాడుకున్నాం. "ఉగ్గాని తినకుండా ప్రొద్దుటూరు దాటితే ఎట్లా మేడం? ఈడ బజ్జీలు శానా బాగుంటాయి" అని బొరుగులతో చేసే ఆ ఉగ్గాని కోసం ఒక చిన్న హోటలు ముందు ఆపాడు. మిరపకాయ బజ్జీ కొరికిన యాయెల్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా వదలకుండా మొత్తం తినేసింది. "ఈ కారం రుచి నాకు తెలియదని ఒకామె నన్ను నెల రోజులు తిట్టింది" అంది. ఎవరని అడిగితే, దారిలో చెబుతానంది.

జమ్మలమడుగు అక్కడికి అరగంట ప్రయాణం. రోడ్డుకు రెండు వైపులా నల్లరేగడిలో శెనగ చేలు పచ్చగా ఉన్నాయి. రబ్బీ చదువు ఎలా ఉంటుందని అడిగాను. అయిదేళ్లట. పాత గ్రంథాలు ఇద్దరిద్దరు కూర్చుని, గొంతులు పెంచి వాదించుకుంటూ చదువుతారట. ఒప్పేసుకునే జోడీ దొరికితే చదువు సాగదని మాస్టారు జోడీ మార్చేసేవారట. "మరి మీ గుడి ఎక్కడ?" అన్నాను. "నాకు గుడి లేదు. నా ఉద్యోగం ఇజ్రాయెల్‌లో హైఫా అనే ఊళ్లో, ఒక ఆసుపత్రిలో. తగ్గని జబ్బుతో ఉన్నవాళ్ల దగ్గర కూర్చుంటాను" అంది. ఆవిడతో చదువుకున్నవాళ్లలో ఒకరు జైల్లో ఖైదీల దగ్గర పనిచేస్తున్నారు, ఒకరు సైన్యంలో ఉన్నారు, ఇంకొకరు తాగుడు మానాలనుకునే వాళ్ల మధ్య ఉంటున్నారు. ప్రార్థన మందిరం చూసుకునేవాళ్లూ ఉన్నారు కానీ అది అందరి దారీ కాదట. అయిదేళ్లు శాస్త్రం చదివి మంచాల పక్కన కూర్చోవడమేమిటని నాకు ఆశ్చర్యం వేసింది. ఖాదర్ బాషాకు ఆ ముక్క తెలుగులో చెబితే, "మా మౌల్వీ సాబులూ శానా ఏండ్లు చదువుతారు మేడం. జైలుకు పోయి కూచునేటోళ్లను మాత్రం నేను యాడా చూల్లేదు" అన్నాడు.

శిక్షణలో ఉన్నప్పుడు యాయెల్ ఒక రోగి భార్యతో, "భయపడకండి, తగ్గిపోతుంది" అందట. అది విన్న గురువు, "నీకు తెలియని మాట ఆమెకెందుకు ఇచ్చావు? వెళ్లి వెనక్కి తీసుకో" అని మళ్లీ ఆ గదికి పంపించారట. నాకు ఒళ్లు మండింది. మనవైపు ఎవరైనా అలా చేస్తే మనసే లేని మనిషంటారు. ఆ మాటే పైకి అన్నాను. "నేనూ ఆ రోజు అదే అనుకున్నాను" అంది యాయెల్.

జమ్మలమడుగులో మిషన్ కాలం నాటి చర్చి దగ్గర టీ తాగడానికి ఆగాం. మేము వెళ్తున్నది ఎవరింటికో అక్కడ చెప్పింది. కొండాపురం వైపు పిల్ల సలోమి, హైఫాలో ఒక ముసలాయన్ని చూసుకునే పనిలో ఉండేది. కడుపులో గడ్డ లేచి, ఇంటికి చెప్పకుండా దాచి, ఆసుపత్రిలో నెల రోజులుండి పోయిన వేసవిలో చనిపోయింది. ఆ నెల రోజులూ ఆమె మంచం పక్కన కూర్చున్నది యాయెల్. ఇప్పుడు చూడబోయేది సలోమి తల్లిని. టీ గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది. కోట చూడ్డానికి బయల్దేరిన దాన్ని, బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు కూర్చుని ఆ చావు గురించి తెలుగు చేసి చెప్పాలా? కారెక్కి తెలుగులో చెబితే, ఖాదర్ బాషా కూడా ఆ మాట విన్నాక రేడియో కట్టేశాడు.

గండికోట జలాశయంలో మునిగిన ఊళ్ల వాళ్లకు కట్టిన కాలనీలు కొండాపురం చుట్టుపక్కల చాలా ఉన్నాయి. వరస ఇళ్లు, వెడల్పాటి వీధులు, ఇంకా ఎదగని చెట్లు. పాత ఊరి పేరు చెబితేనే ఎవరైనా దారి చూపిస్తారు. పదకొండు గంటలకు మార్తమ్మ ఇల్లు దొరికింది. అరవై ఏళ్ల మనిషి, గడప పక్కన నేలమీద కూర్చుని చెనిక్కాయలు, అదే వేరుశెనగలు, ఒలుస్తోంది. సలోమిని చూసుకున్నామె వస్తోందని ఫోన్లో ముందే చెప్పారు కాబట్టి మమ్మల్ని చూసి తల ఊపింది. లేవలేదు.

"అమ్మా, ఈవిడ..." అని నేను మొదలుపెట్టగానే యాయెల్ నా మణికట్టు పట్టుకుని ఆపింది. చావు జరిగిన ఇంటికి వెళ్తే దుఃఖంలో ఉన్నవాళ్లు నోరు విప్పే దాకా వచ్చినవాళ్లు మాట్లాడకూడదట, అది వాళ్ల ఆచారం. దారిలో చెప్పింది కానీ, ఇన్ని నెలలు దాటాక కూడా పాటిస్తుందని నేననుకోలేదు. వెళ్లి మార్తమ్మ ఎదురుగా నేలమీద కూర్చుంది. కాసేపటికి తనూ ఒక గుప్పెడు కాయలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది.

అలా ఎంతసేపు కూర్చున్నామో! మనం పరామర్శకు వెళ్తే గడపలోనే ఏడుపు ఎత్తుకుంటాం, "ఎంత పనైపోయింది" అంటాం, ఏమీ తోచకపోతే కాఫీ తాగారా అనైనా అడుగుతాం. అక్కడ కాయలు చిట్లే చప్పుడు తప్ప ఏమీ లేదు. బయట ఖాదర్ బాషా రెండుసార్లు హారన్ కొట్టి చూశాడు. పక్కింటామె తొంగి చూసి, "ఏంది మార్తక్కా, వచ్చినోళ్లు మూగోళ్లా?" అంది. మార్తమ్మ ఆమెను, "గమ్మునుండు మే" అని కసిరింది.

ఆ తర్వాత యాయెల్‌ని ఎగాదిగా చూసి, "రబ్బీ అన్యారే, ఆడమనిషే?" అని నన్నడిగింది. "యేసుప్రభువును పిల్చిన పేరది." అవునన్నాను. ఇంకో కాయ ఒలిచి అసలు మాట అడిగింది. "నా బిడ్డ నిద్రలోనే పోయిందంట గదా?"

నేను ఇంగ్లీషులో అడిగాను. యాయెల్ మార్తమ్మ మొహం మీది నుంచి చూపు తిప్పకుండా నెమ్మదిగా, చాలాసేపు చెప్పింది. నిద్రలో పోలేదు. నొప్పితో అరిచింది. చనిపోతానని భయపడింది. నర్సుల్ని తిట్టింది, దేవుణ్ణి తిట్టింది, ప్రార్థన చేయొద్దని యాయెల్ మీద కేకలేసింది. ఉప్పూ కారం లేని ఆసుపత్రి కూడు తేగానే పళ్లెం తీసి గోడకేసి కొట్టింది. ఊరిబిండి, అంటే చెనిక్కాయలూ మిరపకాయలూ నూరిన పచ్చడి, కావాలని రోజూ అడిగేది. ఎలా చెయ్యాలో ఆమెనే అడిగి యాయెల్ ఇంట్లో మిక్సీలో చేసి తెస్తే, నోట్లో పెట్టుకుని ఉమ్మేసి, ఇది గడ్డి అంది. చివరి రోజు భయం తగ్గలేదు కానీ యాయెల్ చెయ్యి మాత్రం వదల్లేదు.

ఇదంతా ఒక తల్లితో ఎలా చెప్పను? "అవునమ్మా, పెద్దగా బాధపడలేదు. నిన్నే తలుచుకుందంట" అన్నాను.

మార్తమ్మ చేతిలో కాయ కింద పెట్టింది. "ఆయమ్మ అంతసేపు మాట్లాడింది. నువ్వు ఇంతే చెప్పినావు. మిగిలింది యాడబెట్టినావు?" అంది.

మీరేం చెప్పారని యాయెల్ నన్నడిగింది. చెప్పాను. కోప్పడలేదు. "ఇక్కడ నాకు మీరే నోరు. మీరు చెప్పకపోతే నేను రానట్టే" అంది. అంతకన్నా తిట్టినా బాగుండేది. ఇక కళ్లు మూసుకుని, ఒక్క ముక్క వదలకుండా అంతా చెప్పేశాను. చెప్పాక కళ్లు తెరవాలంటే భయమేసింది.

"గోడకేసి కొట్టిందా?" అంది మార్తమ్మ.

"అవునమ్మా."

"ఏ చేత్తో?"

యాయెల్‌కు ఆ ప్రశ్న చెప్పాను. ఆవిడ ఆలోచించలేదు. ఎడమ చెయ్యి ఎత్తి విసిరి చూపించింది.

మార్తమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "నా బిడ్డే. అది నా బిడ్డే" అంది. పక్కింటామె లోపలికి పరిగెత్తుకొచ్చింది.

అప్పుడు మార్తమ్మ మనసులోది బయటపెట్టింది. "పెట్టె తెరవనియ్యలేదు నన్ను. పాస్టరయ్యా, ఊరోళ్లూ, ఫోన్లు చేసినోళ్లూ, అందరూ ఒకే మాట చెప్పినారు, గమ్మున నిద్రలో పోయిందని. నా సలోమి పుట్టినప్పట్నించీ గమ్మునుండిన దినం ఒకటి లేదు. అది గమ్మున పోయేదేంది? ఎవరి బిడ్డనో పెట్టెలో పెట్టి పంపించినారు, నాది ఆడే యాడో ఉండాది అనుకున్యా. ఇన్ని దినాలూ దాని ఫోన్ కోసమే కాచుకోనుండా." సమాధి దగ్గరికి ఆమె ఇంతవరకు ఒక్కసారీ పోలేదట. ఎవరో పరాయి పిల్ల దగ్గర తనకేం పని అనుకుందట. "మాకొక మాట చెప్పలేదే అక్కా!" అని పక్కింటామె గోడకు ఆనుకుని కూలబడింది.

ఓదార్చడానికి వచ్చామనుకున్నాను. ఆ తల్లికి మిగిలిన ఒక్క ఆశనూ నా నోటితోనే తీసేశాను. నా అబద్ధమే నిలిచి ఉంటే ఆమె ఇంకా ఎన్నేళ్లు ఆ ఫోన్ కోసం కాచుకునేదో అన్నది కూడా అప్పుడే తట్టింది. ఈ రెండింటిలో ఏది ఎక్కువ దారుణమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మార్తమ్మ కాసేపటికి లేచి కొంగు బిగించుకుంది. "ఆ ఊరిబిండిలో మిరక్కాయలు ఏంచినావా?" అని యాయెల్‌ని అడిగింది. వేయించలేదని యాయెల్ ఒప్పుకుంది. "ఏంచకుంటే గడ్డే గదా మరి" అంది. "పదండి పోదాం."

కాలనీ చివర సమాధుల స్థలం ఉంది. సలోమి తండ్రి సమాధి పాత ఊళ్లోనే నీళ్లలో మునిగిపోయింది కాబట్టి ఆ కుటుంబానికి ఇక్కడున్నది ఈ ఒక్కటే. పేరు చెక్కిన రాయి కూడా లేని మట్టి కుప్ప. యాయెల్ వంగి ఒక గులకరాయి తీసి దాని మీద పెట్టింది. వాళ్లు పూలకు బదులు రాయి పెడతారట, వచ్చి వెళ్లామని గుర్తుగా. మార్తమ్మ దాన్ని చూసింది, మట్టిని చూసింది, ఉన్నట్టుండి గొంతెత్తి తిట్టడం మొదలుపెట్టింది. "ఏమే, పరాయి దేశంలో అన్నం పళ్లెం ఇసిరి కొడతావా? ఎవరో తల్లి నీకోసం ఊరిబిండి చేసుకొస్తే ఉమ్ముతావా? నిన్ను ఇట్లనే పెంచినానా నేను? జబ్బొచ్చిందని ఒక్క మాట నాకు చెప్పలేకపోతివా?" తిడుతూ తిడుతూనే కూలబడి, మట్టిని వాటేసుకుని ఏడ్చింది. బిడ్డ పోయిన తర్వాత ఆమె ఏడవడం అదే మొదటిసారని పక్కింటామె నా చెవిలో చెప్పింది. ఖాదర్ బాషా కారు దగ్గర్నుంచి వచ్చి, మాకు కొంచెం దూరంలో తలమీద రుమాలు కప్పుకుని నిలబడ్డాడు.

మధ్యాహ్నం మార్తమ్మ మమ్మల్ని పంపలేదు. మిరపకాయలు వేయించి రోట్లో ఊరిబిండి నూరి, సంగటి పెట్టింది. యాయెల్ చేత రెండుసార్లు తినిపించింది. బయల్దేరేసరికి నాలుగు దాటింది. గండికోట ఊసు ఎవరం ఎత్తలేదు.

ముద్దనూరు మీదుగా పులివెందుల చేరడానికి గంటకు పైనే పట్టింది. ఊరు దగ్గరపడే కొద్దీ అరటి తోటలు, చీనీ (బత్తాయి) తోటలు వస్తాయి. యాయెల్‌కు బెంగళూరు బస్సు కదిరి మీదుగా అక్కడి నుంచే దొరుకుతుంది. బస్టాండులో చీనీ రసం తాగుతూ, మనం చేసింది మంచి పనేనా అని అడిగాను. "తెలియదు. తెలుసని చెబితే అది కూడా మా గురువు వెనక్కి తీసుకోమన్న మాటలాంటిదే అవుతుంది" అంది. సోమవారానికి డ్యూటీలో ఉండాలట, కొత్తగా ఒకాయన చేరాడట. బస్సెక్కి కిటికీలోంచి చెయ్యూపింది. "ఏం చదువు మేడం అది! మనిషి దగ్గర గమ్మున కూచునే దానికి అయిదేండ్లు నేర్పిస్తారా?" అన్నాడు ఖాదర్ బాషా. ఆ పొద్దున్నైతే నేనూ అతనితో కలిసి నవ్వేదాన్ని.

ఇప్పటిదాకా ఎన్ని చావులకు వెళ్లి ఎంతమందికి "నిద్రలోనే పోయారట, అదృష్టవంతులు" అని చెప్పి వచ్చానో లెక్కలేదు. అది దయ అనుకున్నాను. పోయినవాళ్ల కోపం, భయం, మొండితనం అంతా కడిగేసి, ఎవరికీ చెందని ఒక మంచి శవాన్ని వాళ్లవాళ్ల చేతిలో పెట్టి వచ్చానని ఇప్పుడనిపిస్తోంది. మార్తమ్మ మొన్న ఫోన్ చేసింది. సలోమి పేరు చెక్కించిందట. సమాధి మీద గులకరాయి కోడి కాలికి తగిలి పడిపోతే మళ్లీ తెచ్చి పెట్టిందట. మీరూ ఆ వైపు వెళ్తే, ముఖ్యంగా ఎవరింటికైనా వెళ్లే పని ఉంటే, నా మాట విని బండిని గంటల లెక్కన మాట్లాడుకోకండి. రోజంతటికీ కలిపి మాట్లాడుకోండి. ఎదుటి మనిషి నోరు విప్పడానికి ఎంతసేపు పడుతుందో ముందు తెలియదు.