జిల్లా అంతటికీ ఒకరి సర్వీసే

1986 ఏప్రిల్‌లో నన్ను వరంగల్‌లోని ఒక జిల్లా కార్యాలయంలో, కొత్తగా పెట్టిన కంప్యూటర్ విభాగానికి ప్రోగ్రామర్‌గా వేశారు. ఏ కార్యాలయమో చెప్పను. అప్పటివాళ్ళు కొందరు ఇప్పటికీ పొద్దుటి నడకలో ఎదురవుతుంటారు. విభాగం అంటే ఒక గది, ఒక యంత్రం, ఒక ప్రింటరు, నేను. ఏసీ యంత్రం కోసం పెట్టారు. నేనూ ఆ చల్లదనంలోనే ఉండటం ప్రభుత్వం ఉద్దేశించని లాభం. చెప్పులు బయట విడిచి రావాలన్న నియమం ఉండేది కాబట్టి కొందరు గుమ్మంలో దణ్ణం కూడా పెట్టేవారు. ఆ దణ్ణం యంత్రానికా నాకా అని నేనెప్పుడూ అడగలేదు.

నాకు అప్పగించిన మొదటి పని ఏడో తరగతి వరకు ఉండే బడుల టీచర్ల బదిలీ జాబితా. మారుమూల పల్లెల్లో పనిచేసిన ప్రతి ఏడాదికీ కొన్ని మార్కులు, పట్నంలో చేసిన దానికి సున్నా. మార్కులు ఎక్కువ ఉన్నవారు కోరిన చోటికి పోతారు, తక్కువ ఉన్నవారు మిగిలిన చోటికి. మార్కులు సమానమైతే ఫైలులో ఎవరి పేరు ముందుంటే వారు ముందు. ఫైలు వరంగల్ పట్నం బడులతో మొదలై ములుగు అడవి బడులతో ముగుస్తుంది. ఆ వరస ఎవరు పెట్టారో తెలియదు కానీ, దాన్ని మార్చాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

అంతకుముందు ఏటా ఆ జాబితాను హెడ్ క్లర్కు కొమురయ్య చేత్తో తయారుచేసేవాడు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. బల్ల మీద ఎడమవైపు బడుల రిజిస్టరు, కుడివైపు సర్వీసు రిజిస్టరు. ఎడమచేతి చూపుడువేలు టీచరు పేరు మీద ఆనించి, కుడిచేత్తో ఆ టీచరు సర్వీసు పేజీలు తిప్పేవాడు. మధ్యలో చాయ్ వచ్చినా కుడిచేత్తోనే తాగేవాడు తప్ప ఆ వేలు కదిపేవాడు కాదు. నేనాయన్ని చూసి, ఇదంతా పాత చింతకాయ పచ్చడి, నా యంత్రం మధ్యాహ్నం లోపల తేల్చేస్తుంది అన్నాను. ఆయన నవ్వి ఇంకో పేజీ తిప్పాడు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ప్రోగ్రాం నిర్మాణం సులువైనదే. బడి లోపల టీచర్లు, టీచరు లోపల సర్వీసు వివరాలు, పెట్టెలో డబ్బా, డబ్బాలో పొట్లం. కాబట్టి ఒకదానిలో ఒకటి తిరిగే మూడు చుట్లు, మా భాషలో లూపులు, రాశాను. బయటి చుట్టు బడుల మీద, మధ్య చుట్టు ఆ బడి టీచర్ల మీద, లోపలి చుట్టు ఆ టీచరు సర్వీసు మీద తిరగాలి. రాసి, ఫైలులో మొట్టమొదటి టీచరుతో పరీక్షించాను. ఆయన పద్దెనిమిదేళ్ళుగా వరంగల్ పట్నం దాటని పెద్దమనిషి. ఎండాకాలం వస్తే ఏ నాయకుడి గుమ్మంలో కూర్చోవాలో ఆయనకు బాగా తెలుసు. యంత్రం ఆయనకు సున్నా మార్కులు ఇచ్చింది. సరిగ్గా ఉందనుకొని మిగతా జిల్లా అంతా నడిపించాను.

మార్కులు అచ్చువేస్తే జనం తగాదాకు వస్తారని, వరస నంబరూ పేరూ చాలని మా అధికారి ఆదేశించాడు. మే నెలలో జాబితా నోటీసు బోర్డు ఎక్కింది. పట్నం టీచర్లు పైన, అడవి టీచర్లు అడుగున. అంతకుముందు చేత్తో రాసిన జాబితా కూడా, పైనుంచి నాలుగు సిఫార్సులు వచ్చాక, ఇంచుమించు ఇలాగే ఉండేది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కంప్యూటర్ చేసింది కదా, ఈసారి అన్యాయం జరగలేదని కూడా కొందరు అన్నారు. అధికారికి పైనుంచి మెచ్చుకోలు వచ్చింది.

అభ్యంతరాలకు వారం గడువు. ఆరో రోజున భాగ్యమ్మ అనే టీచరు వచ్చింది. ఏటూరునాగారం అవతల ఒక అడవి పల్లెలో పన్నెండేళ్ళుగా పనిచేస్తోంది. ఆమె కూతురు తల్లి బడిలోనే ఏడో తరగతి పాసైంది. ఆ చుట్టుపక్కల ఎనిమిదో తరగతి లేదు, పిల్లను ఉంచడానికి పట్నంలో బంధువులూ లేరు. ఈ జూన్‌లో బదిలీ రాకపోతే టీచరు కూతురి చదువు అక్కడితో ఆఖరు. అధికారి దగ్గరికి పోతే కంప్యూటర్ అబద్ధమాడదని పంపేశాడట. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

ఆమె చెప్పులు విడిచి లోపలికి వచ్చి, నిలబడే మాట్లాడింది.

“సార్, నాకు ఎన్నో నంబరు వచ్చిందని అడుగుతలేను. పన్నెండేండ్ల సంది నేను ఏడ ఉన్ననో, జర మీ మిషన్‌ను అడుగుండ్రి.”

న్యాయమైన కోరికే. ఆమె వివరాలు అచ్చువేశాను. భాగ్యమ్మ, పద్దెనిమిదేళ్ళ సర్వీసు, మొత్తం వరంగల్ పట్నంలో, మార్కులు సున్నా. కాగితం ఆమె చేతికివ్వడానికి నా చెయ్యి రాలేదు. ఆమే తీసుకొని చదివింది.

“గిన్నేండ్లు నేను వరంగల్లనే ఉన్ననా సార్? మరి నా బిడ్డకు ఎనిమిదో తరగతి ఎందుకు దొరుకుతలేదు?”

రేపు రమ్మన్నాను. ఆమె పోయాక ఇంకో పదిమంది వివరాలు తీసి చూశాను. అందరిదీ పద్దెనిమిదేళ్ళు, అందరిదీ వరంగల్. నా యంత్రం లెక్క ప్రకారం జిల్లాలో ఒక్క టీచరు కూడా అడవి మొహం చూడలేదు. ఆ రోజంతా ప్రోగ్రాం చదివాను, తప్పు దొరకలేదు. చివరికి సిగ్గు విడిచి కొమురయ్య బల్ల దగ్గరికి పోయి, భాగ్యమ్మ మార్కులు చేత్తో తీయమన్నాను. ఆయన ఎత్తిపొడవలేదు. వేలు పేరు మీద ఆనించి పేజీలు తిప్పసాగాడు. ఆ వేలు ఎందుకు తియ్యవని అప్పుడడిగాను, నెల ముందు అడగాల్సిన ప్రశ్న.

“వేలు లేపితే మల్ల మొదటి పేజీకి పోతం సారూ. ఒకని పాపం ఇంకొకనికి చుట్టుకుంటది.”

పరుగున వచ్చి లోపలి చుట్టు చూశాను. అది మొదలైన ప్రతిసారీ, ఉన్న టీచరు దగ్గర నిలబడి వెతకకుండా, ఫైలును మళ్ళీ మొదటి నుంచి తెరుస్తోంది. తెరవగానే దొరికేది ఆ మొదటి పెద్దమనిషి సర్వీసే. దాన్నే అందరికీ పంచింది. అందరికీ సున్నాలే కాబట్టి జాబితా ఫైలు వరసలోనే దిగింది. యంత్రానికి వేలు పెట్టడం నేను మరిచాను. ప్రోగ్రాంలో ఒక్క పంక్తి మార్చాను. జాబితా మళ్ళీ వచ్చింది, భాగ్యమ్మ పేరు మొదటి పేజీలో ఉంది.

తప్పు నాదేనని నోట్ రాసి అధికారి ముందు పెట్టాను. ఉద్యోగంలో నాకింకా ప్రొబేషన్ కూడా పూర్తికాలేదు. ఆయన నోట్ చదివి, తప్పు నీదైతే దాని కింద సంతకం పెట్టిన నేనెవరిని అని కొట్టేశాడు. సవరణ ఉత్తర్వులో విద్యుత్ హెచ్చుతగ్గుల వల్ల అని వెళ్ళింది. నేను నోరు మూసుకున్నాను. జాబితా సరిగ్గా వచ్చినప్పుడు పేరు అధికారిది, తప్పినప్పుడు కరెంటుది.

జూన్‌లో భాగ్యమ్మకు హన్మకొండలో పోస్టింగ్ వచ్చింది. కూతుర్ని ఎనిమిదిలో చేర్పించిన రోజు ఆఫీసుకు వచ్చి కొమురయ్యకు స్వీట్లు ఇచ్చింది. నాకూ ఇచ్చింది, తీసుకోవడానికి మొహం చెల్లలేదు. సున్నా మార్కుల మొదటి పెద్దమనిషికి ఆమె ఖాళీ చేసిన అడవి బడి వచ్చింది. ఆయన దవాఖాన నుంచి సర్టిఫికెట్ తెచ్చుకొని పట్నంలోనే ఉండిపోయాడు. ఆ బడికి చాలాకాలం తాళమే. అది నా ప్రోగ్రాం పరిధిలోని విషయం కాదని అప్పట్లో సర్దిచెప్పుకున్నాను.

రిటైరయ్యే ముందు కొన్నేళ్ళు కుర్రవాళ్ళకు శిక్షణ ఇచ్చాను. అప్పటికి ప్రోగ్రాములు రాయడానికి జావా అనే భాష వచ్చింది, పెట్టెలో పెట్టెలా సమాచారం దాచే ఎక్స్ఎంఎల్ వచ్చింది, అందులో దారి చెప్పి వెతికే ఎక్స్‌పాత్ వచ్చింది. తప్పు మాత్రం అదే. లోపలి చుట్టులో దారిని రెండు ఏటవాలు గీతలతో (//) మొదలుపెడితే వెతుకులాట మొత్తం పత్రం మొదటికి పోతుంది. ఆ గీతల ముందు ఒక చుక్క (.//) పెడితే ఉన్నచోటి నుంచే సాగుతుంది. ఆ చుక్క కొమురయ్య వేలు. దాన్ని మరిచిన ప్రతివాడూ, మొదటి రికార్డుతో చూశాను సార్, సరిగ్గానే వచ్చింది అంటాడు. వస్తుంది. మొదట ఉన్నవాడికి అన్నీ సరిగ్గానే వస్తాయి. పరీక్షించాల్సింది చివరి రికార్డుతో.