నిమ్మతోటకు వేపపాలు

ఇవాళ పొద్దున్న మా కోడలు నూనె తీయడానికని వేపగింజలు దంచుతుంటే, ఆ చేదు ఘాటు పెరట్లోంచి సావిట్లోకి వచ్చి, నన్ను నలభై ఏళ్లు వెనక్కి, గోదావరి గట్టు పక్కన మా మేనత్త సుందరమ్మ పెంచిన నిమ్మతోటలోకి లాక్కుపోయింది.

చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన అత్త, తాతయ్య ఇచ్చిన నేలచెక్కలో పదకొండు నిమ్మచెట్లు నాటి, బిందెలతో ఏటినీళ్లు మోసి బతికించింది. శ్రావణమాసపు ముసురులో తడిమట్టి వాసనా, నిమ్మపూత వాసనా కలిసిపోయిన ఆ నీడలోనే మా చింతపిక్కలాటలు, మా అలకలు, అత్త ఉప్పూ కారం అద్ది పెట్టే నిమ్మబద్దలు.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా ఆ చెట్లకు ఆకుపురుగు పట్టింది. మొదట పిట్టరెట్టలా కనిపించి, పెరిగేకొద్దీ పచ్చబడి, ఆకుల్లో ఆకై దాక్కునేది. వారం తిరిగేసరికి చాలా కొమ్మలకు ఈనెలే మిగిలాయి.

"కొట్టించేద్దాం అక్కా. కాలవ నీళ్లొచ్చాయి కదా, వరి వేసుకుందాం," అన్నాడు నాన్న.

"పదిహేను రోజులాగరా. అప్పటికీ చిగురు రాకపోతే గొడ్డలి నేనే అందిస్తాను," అంది అత్త.

వేపాకు కాచి చల్లితే ఆకుల మీంచి జారిపోయింది. ఇంకా చిక్కగా కాచి, ఆత్రంకొద్దీ ఆరకుండానే చల్లితే ఒక చెట్టు మాడిపోయింది. ఆ పూట అత్త అన్నం ముట్టలేదు. మర్నాడు దీపాల నూనెకని దాచిన వేపగింజలన్నీ రోట్లో పోసింది.

"మరి దీపాలకో అత్తా?"

"చీకట్లో కూచుందాంలేవే. దంచు."

ఆ పొడిని గుడ్డలో మూటకట్టి నీళ్లలో నానబెట్టి, మర్నాటికి పాలలా తెల్లగా దిగిన ఆ నీళ్లు ఆకులకు అంటుకునేలా కుంకుడురసం కలిపి, ఎండ తగ్గాక, వసంతాలాడుకునే చిమ్మనగ్రోవితో ఆకుల అడుగుకంటా కొట్టాం. ఎంత కడుక్కున్నా నా అన్నంముద్దలోకి ఆ చేదు వచ్చేది.

కొట్టిన మూడోరోజు నాన్న వచ్చి చూశాడు. "ఏంటక్కా, పురుగులు బతికే ఉన్నాయి!"

"బతికున్నాయి సరే, తింటున్నాయేమో చూడు," అని అత్త ఆకు తిప్పి చూపించింది.

నిన్న కొరికిన చోటు తప్ప కొత్త కాటు లేదు. ఐదోరోజుకు పురుగులు ముడుచుకుని రాలాయి. తొమ్మిదోరోజున మాడిన చెట్టు తప్ప మిగతా పదింటికీ గోరంత చిగురు కనిపించింది. నాన్న పైపంచె తీసి కొమ్మకు తగిలించి, అత్త చేతిలోని చిమ్మనగ్రోవి అందుకున్నాడు.

ఇప్పుడు ఆ తోట లేదు. అత్త పోయిన మూడో ఏడు వరదకు గట్టు తెగి, ఆ చెక్క ఏటిపాలైంది. అది ఉన్నచోట ఇవాళ పడవలు తిరుగుతున్నాయి. గొడ్డలి మాత్రం ఆ చెట్లను ఒక్కనాడూ తాకలేదు. పదీ విరగకాసి ఉండగానే వెళ్లిపోయాయట. ఆ మధ్యాహ్నమంతా పచ్చటి నిమ్మకాయలు సముద్రం వైపు తేలుతూ పోవడం చూశామని రేవులోవాళ్లు ఇప్పటికీ చెబుతారు.