బండ పడిన తావు

కోలారు బంగారు గనుల పక్కనున్న ఊరిగాం బడిలో ఆటల టీచరు ఇసబెల్లా విజిల్ ఊదితే వీధి చివర చర్చి దాకా వినబడుతుంది. చిన్నప్పుడు ఆడపిల్లలకు జట్టు లేదంటే ఆ చర్చి గోడకే బంతి విసిరి ఆట నేర్చుకుంది. ఇప్పుడు ఆమె త్రోబాల్ జట్టులో ఊళ్లో సగం మంది ఆడపిల్లలు ఉన్నారు.

ఆ జట్టులోని తొమ్మిదో తరగతి రక్షిత ఒక సాయంత్రం ఆమె దగ్గరికి వచ్చింది. సామాన్ల గదిలో కోచ్ గిరీశ్ తన మీద చెయ్యి వేశాడని చెప్పింది. ఇసబెల్లా నేరుగా హెడ్మాస్టరు డెన్నిస్‌కు చెప్పింది. మర్నాడు ఆయన తేల్చేశాడు: ఆడపిల్లలకు త్రోబాల్ బంద్. గిరీశ్ మగపిల్లలను చూసుకుంటాడు.

ఇసబెల్లా విసురుగా ఆఫీసు గదిలోకి వెళ్లింది. అక్కడ రక్షిత తల్లి హనుమక్క టీసీ కోసం తల వంచుకుని నిలబడి ఉంది.

"పాప మంచికేనమ్మా," అంటున్నాడు డెన్నిస్. "మాట బయటికి పోతే పేరు చెడిపోతాది. రేపు పెళ్లీ గిళ్లీ..."

"తొమ్మిదో క్లాసు పిల్లకి అప్పుడే పెండ్లికొడుకుని చూస్తా ఉండారా సార్?" అంది ఇసబెల్లా. "మీ నాయనా మా నాయనా ఒగే గనిలో దిగినోళ్లు. లోపల బండ పడితే ఏం చేసినారు? దెబ్బ తగిలినోణ్ణి ఇంటికి పంపినారా? బండ పడిన తావుకి కంచె కట్టినారు. మిగిలినోళ్లు పని చేసుకున్నారు."

"గని వేరే, బడి వేరే మిస్."

"ఔను సార్. బండ చెప్పి పడదు. ఈడ పాప నోరు తెరిచి చెప్పింది."

ఆమె హనుమక్క వైపు తిరిగింది. "అక్కా, పోలీసులకి చెప్పాల్సిందే, చట్టం అట్లుండాది. పాప పక్కన నేనుంటాను."

హనుమక్క తల ఎత్తింది. "టీసీ వద్దు సార్. నా బిడ్డ యాడికీ పోదు. పోవాల్సినోడే పోనీ."

డెన్నిస్ ఎదురుగానే ఇసబెల్లా పిల్లల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసింది.

మర్నాడు కోలారు నుంచి అధికారులు, మహిళా పోలీసు వచ్చారు. గిరీశ్‌ను గేటు లోపలికి రానివ్వలేదు. కేసు నడుస్తోంది. డెన్నిస్ ఆమెతో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. ఆమె పట్టించుకోవడం లేదు. సామాన్ల గది తలుపు మాత్రం పీకించేసింది.

త్రోబాల్ మళ్లీ మొదలైంది. కొన్నాళ్లు రక్షిత గట్టు మీద కూర్చుని చూసింది. ఇసబెల్లా రమ్మనలేదు, పొమ్మనలేదు. ఒక సాయంత్రం పిల్ల తనే లేచి వచ్చింది.

"మిస్, నేను యాడ నిలబడేది?"

"ఎప్పుడూ నిలబడే తావులోనే. దాన్ని ఎవురికీ ఇయ్యలేదు."

ఇసబెల్లా విజిల్ ఊదింది.