లెన్సు మీది కుంకుమ

ఆరేళ్లుగా ఒక మనిషి ఉసురు మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు కనకే మీకు రాస్తున్నాను.

గరివిడి దగ్గర ఒక చిన్న ఫ్యాక్టరీలో పనిచేసేదాన్ని. పసిపిల్లలకు మందు ఎక్కించే సన్నటి ప్లాస్టిక్ గొట్టాలకు లేజరుతో రంధ్రాలు వేయడం మా పని. అది అతినీలలోహిత కాంతి, కంటికి కనబడదు. ఆగి ఆగి మెరుస్తుంది. ఒక్కో మెరుపు ప్లాస్టిక్ మీంచి, వెంట్రుక మందంలో వందో వంతు కూడా లేని పొరను లేపేస్తుంది. కరిగించదు, మాడ్చదు. ప్లాస్టిక్ లోపలి బంధాలు తెగి, ముక్కలు ఆవిరిలా ఎగిరిపోతాయి. పక్కకు వేడి పాకేలోపే మెరుపు అయిపోతుంది. కాంతి బలం తగ్గితే ఒక్కో దెబ్బకు లేచే పొర పలచబడుతుంది. మరీ తగ్గితే అసలేమీ లేవదు. ఇదంతా నాకు నేర్పింది ఎర్రయ్యన్న. వాళ్లది భావనపాడు, చేపలవేట కుటుంబం. ఆ ఇంట్లో పడవ దిగి నెలజీతానికి వచ్చిన మొదటి మనిషి.

ఆరేళ్ల కిందటి దసరాకి మిషన్లకు బొట్లు పెట్టే పని నాకిచ్చారు. లెన్సు ముట్టుకోకూడదని అన్న వందసార్లు చెప్పాడు. ముట్టుకోలేదు. దాని పై అంచుకు మాత్రం తడి గంధం రాసి, కుంకుమ పెట్టాను. అసలు పనిచేసేదే అది కదా, దానికి బొట్టు లేకపోతే ఎలా అనిపించింది. భక్తా? తెలివితక్కువతనమా? ఇప్పటికీ తేల్చుకోలేను.

పండగ మర్నాడు పొద్దుటి షిఫ్టు ఎర్రయ్యన్నది. రోజూలాగే కాంతి బలం కొలిచి పుస్తకంలో రాశాడు. ఆ మీటరు పెట్టేది లెన్సుకు ముందు, కాంతి ఇంకా లెన్సు దాటని చోట. అందుకే అంకె సరిగ్గానే వచ్చింది. మధ్యాహ్నం నేను వెళ్లేసరికి సూపర్‌వైజరు కేకలేస్తున్నాడు. మైక్రోస్కోపు కింద చూస్తే ఏ రంధ్రమూ అవతలికి తెగలేదు, అడుగున పలచటి పొర మిగిలిపోయింది. ఒక్క గొట్టమూ బయటికి పోలేదు, అంతవరకు అదృష్టం. కొలవకుండానే అంకె వేశావంటూ అన్నను ఆఫీసులోకి తీసుకెళ్లారు.

నేను మిషను మూత తీశాను. అంచు నుంచి జారిన గంధం, కుంకుమ లెన్సు మీద, కాంతికి అడ్డంగా, ఎర్రటి చారలా ఎండిపోయి ఉంది. ఆఫీసు తలుపు వైపు చూశాను. స్పిరిట్‌లో దూది ముంచి గబగబా తుడిచేశాను.

అన్న బయటికొచ్చాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"సెల్లీ, నాను కొలిసినాను. లెన్సు నువ్వు సూసినావేటి? ఏటైనా అంటుకున్నాదా?"

"ఏటీ నేదన్నా. సుబ్బరంగున్నాది."

పుస్తకం తెరిచి పొద్దున రాసిన అంకె మళ్లీ చూసుకున్నాడు.

"అయితే నానే ఎక్కడో తప్పు సూసుంటాను," అన్నాడు.

నన్ను అనుమానించి నిలదీసి ఉంటే అప్పుడే ఒప్పుకునేదాన్నేమో అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఒప్పుకునేదాన్ని కాదు. నా ఉద్యోగం పోతుందని భయం, అంతే. ఆ సాయంత్రమే ఆయన్ని పనిలోంచి తీసేశారు.

మొన్న శ్రీకాకుళం బజార్లో ఆయన భార్య ఎండుచేపలు అమ్ముతూ కనిపించింది. మళ్లీ వేటకు పోతున్నాడట. ఇంట్లో ఫ్యాను చెడినా చెయ్యి పెట్టడట, తన చూపు మీద తనకే నమ్మకం పోయిందట. ఆయన దగ్గర పని నేర్చుకున్న పిల్లనని గుర్తుపట్టి, వద్దంటున్నా గుప్పెడు నెత్తళ్లు ఎక్కువ వేసింది. అక్కడా నిజం చెప్పకుండానే అవి సంచిలో వేసుకుని వచ్చేశాను. ఏం మనిషిని నేను?

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఆయన ముందు నిలబడే ధైర్యం వస్తుందో రాదో కూడా తెలీదు. ఒక్క వాక్యం కోసం ఇంత దూరం రాసుకొచ్చాను.

ఎర్రయ్యన్న సరిగ్గానే కొలిచాడు.

రాశాను. ఇప్పుడు కాస్త ఊపిరాడుతోంది.